పెద్ద ప్లేటులో ఆఖరి పాట

ఈ మధ్య మా పుట్టింటి ఊరు ప్రొద్దుటూరులో ఒక కాఫీ కొట్టు తెరిచారు. కొట్టు అనకూడదట, కెఫే అనాలట. మోకాళ్ళ డాక్టరుకు చూపించుకుని తిరిగి వస్తుంటే మా కోడలు, ఎండగా ఉంది అత్తయ్యా, కాసేపు చల్లగా కూర్చుందాం రండి అని నన్ను అందులోకి తీసుకుపోయింది. కాఫీ సంగతి నేను చెప్పను, చెబితే ఆ పిల్ల నొచ్చుకుంటుంది. గోడల నిండా అలంకారానికని పాత గ్రామఫోను రికార్డులు బిగించారు. మా తరం వాళ్ళం వాటిని ప్లేట్లు అనేవాళ్ళం గుర్తుందా? ఒకటో రెండో పాటలుండేవి చిన్న ప్లేట్లు, సినిమా పాటలన్నీ రెండు వైపులా పట్టేది పెద్ద ప్లేటు. నేను కూర్చున్న బల్లకు సరిగ్గా ఎదురుగా ఒక పెద్ద ప్లేటు, పక్కనే దాని అట్ట కూడా మేకు కొట్టి పెట్టారు. గరిటె పట్టుకుని ఇకిలిస్తున్న హీరో, మూతి ముడుచుకుని పక్కకు తిరిగిన హీరోయిను. ఆ బొమ్మ చూశాక కాఫీ అట్లాగే వదిలేశాను. కళ్ళెందుకు తుడుచుకుంటున్నారని కోడలు అడిగితే, ఏసీ గాలి పడలేదన్నాను.

మీలో నా ఈడు వాళ్ళకు ఆ సినిమా తెలిసే ఉంటుంది. పిసినారి షావుకారు ఇంట్లో వంటవాడిగా చేరిన చదువుకున్న కుర్రవాడు, ఆ షావుకారు కూతురు, వాళ్ళిద్దరి కీచులాటలు, అపార్థాలు, మధ్యలో బోలెడు నవ్వులు. పేరు మాత్రం నన్ను అడగకండి. పేరు చెబితే మీ ధ్యాస సినిమా మీదికి పోతుంది, నేను చెప్పదలచుకున్నది మా మేనత్త గురించి.

ఆమె మా నాయనకు ఒక్కగానొక్క చెల్లెలు. జమ్మలమడుగులో ఇచ్చి పెళ్ళి చేశారు. పెళ్ళయిన కొత్తలోనే ఆమె భర్త కామెర్లు వచ్చి పోయాడు. అత్త ప్రొద్దుటూరుకు, మా ఇంటికే వచ్చేసింది. నాకు బుద్ధి తెలిసేటప్పటికి ఆమెకు పాతికేళ్ళు కూడా నిండలేదు. మాది బట్టల అంగడి, వైశ్యుల వీధిలో ఇల్లు. పెద్దవాళ్ళ పద్ధతులు పద్ధతులే. పూలు లేవు, పేరంటాలు లేవు, పెళ్ళిళ్ళకు వెళ్ళినా వెనక గదిలోనో వంటశాలలోనో ఉండాలి. సినిమాలు సరేసరి. అయితే మనిషి పుట్టుకతోనే నవ్వులమారి. అంగడికి వచ్చే మొండి బేరగాళ్ళను, మా జేజి, అంటే నాయనమ్మ, విసుక్కోవడాన్ని, చివరికి మా నాయన తుమ్మును కూడా అచ్చు గుద్దినట్టు దింపేసేది. కాకపోతే ఆ నాటకమంతా వంటింట్లో నాకూ అమ్మకూ మాత్రమే. వీధి గదిలోకి మగవాళ్ళెవరైనా వచ్చారంటే పైట సర్దుకుని మూగదైపోయేది.

మా అమ్మ సినిమా అంటే ప్రాణం పెట్టే మనిషి. ఆడబిడ్డ వచ్చి ఇంట్లో చేరినప్పటి నుంచి ఒక్క సినిమాకూ వెళ్ళలేదు. ఆమెను ఒంటరిగా వదిలి నేను టాకీసులో కూర్చుని ఎట్లా నవ్వేది అనేది. ఎవరూ వెళ్ళొద్దనలేదు, ఆమే మానుకుంది. ఆమె వెళ్ళకపోయేసరికి పిల్లలం మేమూ వెళ్ళలేదు. మా నాయనకు అంగడి, ఇల్లు తప్ప మూడోది తెలియదు. అందుకని ఊళ్ళో ఏ సినిమా వచ్చి పోయినా మా ఇంట్లో దాని కథ తెలిసినవాళ్ళు ఒక్కరూ ఉండేవారు కాదు. ఇది ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

పులివెందులలో మా అమ్మకు పెదనాయన కొడుకొకాయన ఉండేవాడు, నాకు మామ వరస. రేడియోలు బాగు చేసే అంగడి, దాంతోపాటు పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ అద్దెకిచ్చే మైకుసెట్టు. తొలికాన్పులోనే భార్య, బిడ్డ ఇద్దరూ పోతే మళ్ళీ చేసుకోకుండా ఉండిపోయాడు. నెమ్మదైన మనిషి. ఊరంతటికీ వినపడేలా పాటలు వేసేవాడు కానీ తను మాట్లాడితే పక్కన కూర్చున్నవాడికి వినపడేది కాదు. మా ఇంటికి వచ్చినప్పుడు రెండు మూడుసార్లు మా అత్త వంటింట్లో నా కోసం ఎవరినో అనుకరించడం తలుపు చాటు నుంచి విన్నాడట. నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది మా అమ్మతో, అక్కా, మీ ఆడబిడ్డకు సమ్మతమైతే నేను చేసుకుంటాను, ఎవరేమన్నా పడతాను అని చెప్పాడు.

మా కులంలో, ఆ రోజుల్లో, అది చిన్న మాట కాదు. మా జేజి నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అయిదో రోజు తనే అన్నది, నేను పోయినాక దీన్ని ఎవరు చూస్తారు, దాని మనసెట్లుంటే అట్లే కానీయండని. మా నాయన చెల్లెల్ని పిలిచి, తల కూడా ఎత్తకుండా, తొందరేం లేదమ్మా, నిదానంగా ఆలోచించుకుని చెప్పు, నీ మాటే మాట అన్నాడు. అంటే ఇక అంతా అత్త నోటి మాట మీదే ఉంది. ఆమె ఊ అంటే పులివెందుల ఇంట్లో దీపం, లేదంటే మా వంటింట్లోనే జీవితం. ఈ విషయం నాకు కూడా తెలుసు. పదేళ్ళ పిల్లకు తెలియవనుకుంటారు గానీ, పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడే మాటలే పిల్లలకు బాగా వినపడతాయి.

అత్త జవాబు చెప్పకుండా రోజులు దొర్లుతుండగా మా అమ్మ ఏదో శుభకార్యానికి పులివెందుల వెళ్ళి వచ్చింది. వస్తూ వస్తూ బస్సులో ఒడిలో పెట్టుకుని, పెట్టె మాదిరి మూత తెరుచుకునే రికార్డు ప్లేయరు ఒకటీ, ఒక పెద్ద ప్లేటూ తెచ్చింది. మామ పంపించాడు. పరాయి మగవాడు ఒక ఆడమనిషికి, అందులోనూ మొగుడు పోయిన మనిషికి, జాబు రాస్తే తప్పు. ఎదురుపడి మాట్లాడితే ఇంకా తప్పు. పాటల ప్లేటు పంపితే ఎవరూ తప్పుపట్టరు. అమ్మ ఆ పెట్టెను అత్త ముందు పెట్టి, ఆయన చెప్పిన మాట ఉన్నదున్నట్టు అప్పజెప్పింది.

"ఇది ఇనమన్నాడు. ఇంటే ఆయన మనసు నీకే తెలుస్తాదంట."

ఆ మాటకు అత్త మొహం ఎర్రబడటం నేను చూశాను. ఆమె మొహం అట్లా ఎర్రబడగలదని నాకు అంతవరకూ తెలియదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, జేజి కునుకు తీసే వేళ, మేమిద్దరం వెనక గదిలో తలుపు దగ్గరేసుకుని ప్లేటు పెట్టుకునేవాళ్ళం. ముల్లు ఎత్తి పెట్టే పని నాది. అట్ట మీద బొమ్మ తప్ప కథ తెలియదు కాబట్టి పాటల్ని బట్టే మేమిద్దరం కథ అల్లుకున్నాం. మొదటి పాటలో నాదస్వరం, డోలు, పెళ్ళి సందడి, ఇద్దరూ కలిసి పాడతారు. అది ఎవరిదో బంధువుల పెళ్ళి అనీ, అక్కడే వీళ్ళిద్దరూ మొదటిసారి చూసుకున్నారనీ అత్త తేల్చింది. రెండోది వంకాయలు తరుగుతూ హీరో పాడే తమాషా పాట. మూడోది వానలో ఒకే గొడుగు కోసం దెబ్బలాట. వాటికి ముందు ఒకటి రెండు ముక్కలు మాటలు కూడా ఉండేవి, వాటిని అత్త ఆ గొంతులతోనే పలికేది. గరిటె పట్టుకుని హీరో అయ్యేది, మూతి ముడుచుకుని హీరోయిను అయ్యేది. నవ్వీ నవ్వీ నాకు కడుపు నొప్పి వచ్చేది. జేజి లేస్తుందని చెంగు నోట్లో కుక్కుకునేవాళ్ళం. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

ప్లేటు తిప్పితే రెండో వైపు ఇంకొన్ని పాటలు, అన్నింటికీ ఆఖరున ఒక విషాద గీతం. రైలు కూత వినిపిస్తుంది, ఆ అమ్మాయి ఒక్కతే పాడుతుంది. మనకు రాసిపెట్టి లేదు, నీ దారిన నువ్వు వెళ్ళిపో, నా దారిన నేను ఉంటాననే అర్థం వచ్చేలా సాగి, పాట చివరికి గొంతు సన్నగిల్లి ఆగిపోతుంది. ఆ తర్వాత ముల్లు గరగరమంటూ ఖాళీగా తిరిగేది. మొదటిసారి విన్నరోజు అత్త చాలాసేపు ముల్లు ఎత్తమని చెప్పలేదు. తర్వాత్తర్వాత ఆ పాట వచ్చే వేళకు నన్ను కాఫీపొడికో మజ్జిగకో పక్కింటికి పంపి తను ఒక్కతే వినేది. తిరిగి వచ్చేసరికి పెట్టె మూసి ఉండేది.

ఒకరోజు మా నాయన అంగడి కట్టేసి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. అత్తే వడ్డించింది. చారు పోస్తూ, చాలా మామూలుగా చెప్పింది.

"వద్దులే అన్నా. ఆయనకు ఆ మాట చెప్పి పంపు."

నాయన సరేనని తల ఊపాడు. కారణం అడగలేదు. నీ మాటే మాట అని ముందే అన్నాడు కదా, అడిగితే బలవంతం చేసినట్టవుతుందని ఆయన మర్యాద. అమ్మ మాత్రం వంటింట్లో చెయ్యి పట్టుకుని ఎందుకని అడిగింది. నాకు ఇట్లనే బాగుంది వదినా అని అత్త అంట్లు తోముకోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అమ్మ ఏడ్చింది. జేజి కూడా ఏడ్చిందని నా అనుమానం. అత్త ఏడ్వడం ఎవరూ చూడలేదు. ప్లేయరు తిరిగి పంపబోతే మామ, ఉండనీయండి, నాకు వేరేది ఉంది అన్నాడట. కారణం ఆయనా అడగలేదు. ఆయనది కూడా మర్యాదే. పెట్టె అటకెక్కింది.

రెండేళ్ళకు ఆయన వేంపల్లె పిల్లను చేసుకున్నాడు. మంచి మనిషి, ముగ్గురు బిడ్డలు. బంధుత్వం బంధుత్వమే కాబట్టి రాకపోకలు ఆగలేదు. నా పెళ్ళికి మైకుసెట్టు ఆయనదే. మిద్దె మీద మైకు గొట్టాలు రెండు కట్టి, తెల్లవారినప్పటి నుంచి ఆయనే కూర్చుని పాటలు వేశాడు. మా ప్లేటు పాటలూ వేశాడు. నాదస్వరం పాట, వంకాయల పాట, గొడుగు పాట. ఆఖరిది వేయలేదు, పెళ్ళిలో అట్లాంటివి ఎవరు వేస్తారు? వెనక గదిలో కొబ్బరికాయలు లెక్కపెట్టుకుంటూ అత్త అవన్నీ విన్నది. మధ్యాహ్నం పంక్తిలో ఆయనకు వడ్డించవలసి వస్తే, తల వంచుకుని వడ్డించింది. ఆయనా తల వంచుకునే తిన్నాడు.

నన్ను జమ్మలమడుగులో ఇచ్చారు. అత్త మొదటి అత్తవారి ఊరే అది. ఆ ఊరి పేరెత్తితే ఆమె మాట మార్చేది, ఎన్నేళ్ళు పిలిచినా మా ఇంటికి రాలేదు. చివరికి కంట్లో శుక్లం ముదిరాక, మా ఊరి పాత మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించడానికి నేనే పట్టుబట్టి తీసుకొచ్చాను. అప్పటికి జేజి లేదు, నాయన లేడు. అత్త తల సగం నెరిసింది. ఆపరేషన్ అయ్యాక కంటికి అడ్డంగా పచ్చగుడ్డ వేలాడేసుకుని కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉంది. ఒక ఆదివారం సాయంత్రం టీవీలో ఆ సినిమా వేశారు.

పేర్లు పడుతుండగానే నేను కేక పెట్టాను. కన్ను అలిసిపోతుందంటున్నా వినకుండా, ఒంటికన్నుతోనే చూస్తానని వచ్చి కూర్చుంది. వంకాయల పాట వచ్చింది. హీరో అట్ట మీద బొమ్మలో ఉన్నట్టు లేడని, మరీ బక్కగా ఉన్నాడని ఆక్షేపించింది. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆమె గొంతులో పాత అల్లరి వినపడి నాకు పట్టలేనంత సంబరం వేసింది. తర్వాత అపార్థం వచ్చింది, హీరో పెట్టె సర్దుకున్నాడు, రైలు కూసింది, హీరోయిను ప్లాట్‌ఫారం మీద ఒక్కతే నిలబడి ఆ పాట పాడింది. పాట అయిపోగానే అత్త లేచి నిలబడింది.

"అయిపాయ గదా. నేను పోయి పండుకుంటా."

మా ఆయన నవ్వాడు. "యాడికి అత్తా? ఇంగా సగం సినిమా ఉండాది. అసలు తమాషా అంతా ఇప్పుడే."

అత్త ఆయన వంక, నా వంక మార్చి మార్చి చూసి, మెల్లిగా కూర్చుంది. నిజంగానే ఇంకా సగం ఉంది. హీరో తర్వాతి స్టేషనులోనే దిగిపోయి, మీసం పెట్టుకుని ఇంకో వంటవాడిగా అదే ఇంటికి తిరిగి వస్తాడు. షావుకారు తికమకలు, పప్పులో ఉప్పు రెండుసార్లు పడటం, మా ఆయన, పిల్లలు పడీ పడీ నవ్వారు. అత్త నవ్వలేదు. చిట్టచివర పందిట్లో తాళి కట్టే ఘట్టం వచ్చింది, నాదస్వరం మొదలైంది. మేము ఎవరిదో పెళ్ళి అనుకున్న ఆ మొదటి పాట వాళ్ళ పెళ్ళే. అందరికీ బాగా నచ్చిన పాటని ప్లేటు తయారుచేసినవాళ్ళు దాన్ని ముందు పెట్టారు. ఏడుపు పాటను తీసుకెళ్ళి ఎక్కడో చోట పెట్టాలి కాబట్టి ఆఖరున పెట్టారు. అంతకు మించి అందులో ఏమీ లేదు.

అందరూ లేచి వెళ్ళాక ఆమె నా చెయ్యి పట్టుకుంది. అంతవరకూ ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పింది.

"ఆయప్ప ఎనక్కి పోవాలనుకుంటాండాడు, నోరు తెరిసి చెప్పల్యాక ఆ పాట పంపినాడు అనుకుంటినే. ఇంటే మనసు తెలుస్తాదని చెప్పి పంపె గదా. మనకు రాసిపెట్టి ల్యేదని ఆ పాట చెప్పె. సరే, ఆయన్ను ఇబ్బంది పెట్టేది ఏంటికిలే అని నేనే వద్దంటి."

ఆయన సినిమా చూసిన మనిషి. ఆ ప్లేటు పెడితే ఆయనకు పాట పాటకూ బొమ్మ కనపడుతుంది, చివరి పందిరి కనపడుతుంది, ఎన్ని అడ్డంకులు వచ్చినా తిరిగి వచ్చి చేసుకుంటాననే ఆయన చెప్పి పంపింది. సినిమా చూడనివాళ్ళకు అందులో పాటలు తప్ప మరేం లేవని ఆ మహానుభావుడికి తట్టలేదు. ఆమెకా, ఆ పాటల తర్వాత కూడా కథ ఉంటుందని తట్టలేదు. డాక్టరు కన్ను తడి కాకూడదన్నాడని నేను ఆమె కళ్ళకేసే చూస్తున్నాను. ఆమె ఏడ్వలేదు, నేనే ఏడ్చాను.

పులివెందుల మామ అప్పటికి బతికే ఉన్నాడు. నాకు ఆవేశం ఎక్కువ. రేపే బస్సెక్కి వెళ్ళి ఆయనకు చెప్పి వస్తాను, నీకు ఇష్టం లేక కాదని ఒక్కమాట తెలియనీ అన్నాను. అత్త నా చెయ్యి వదల్లేదు.

"వద్దు. నాకు ఇష్టం లేదనుకోని ఇన్నేండ్లు తట్టుకున్యాడు. ఇది తెలిస్తే తట్టుకోల్యాడు. శానా మెత్తనోడే ఆయన."

నేను వెళ్ళలేదు. కొన్నేళ్ళకు మామ పోయాడు, ఆ తర్వాత అత్తా పోయింది. ఆయనకు ఎప్పటికీ తెలియలేదు.

మా కాలమే బాగుండేది, మాటకు మర్యాద ఉండేది, పెద్దా చిన్నా ఉండేది అని నా ఈడు వాళ్ళు నిట్టూరుస్తుంటారు. మీలోనూ ఉంటారు, నాకు కోపం లేదు గానీ నేను మీతో కలవలేను. ఆ మర్యాద ఎంత మందిని మింగిందో ఎవరు చెబుతారు? మా నాయన మర్యాదకు అడగలేదు, మామ మర్యాదకు అడగలేదు, అత్త మర్యాదకు తనే తప్పుకుంది. అందరూ మంచివాళ్ళే, ఒక్కరిలోనూ కల్మషం లేదు. అయినా ఒక మనిషి నవ్వు వంటింట్లోనే ముగిసిపోయింది.

మొన్న మా తమ్ముడి మనవరాలికి సంబంధం కుదిరింది. తాంబూలాలు కాకముందే ఆ పిల్ల ఫోనులో అబ్బాయితో గంటలు గంటలు మాట్లాడుతోందని మా మరదలు తెగ బాధపడిపోయింది. ఆ అమ్మాయి అడగని ప్రశ్న లేదట. వంట వచ్చా, కోపం ఎక్కువా, నేను ఉద్యోగం మానను, నీకు సమ్మతమా అని. నన్ను మందలించమన్నారు. నేను మందలించడానికి బదులు దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పాను. అంతా శ్రద్ధగా విని, అవ్వా, ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు రెండు గంటల బస్సే కదా, ఈ పాట ఎందుకు పంపినావని ఆమె ఆయన్ని ఒక్కసారి అడిగి ఉండొచ్చు కదా అంది.

అడగొచ్చని మాకు తెలియదమ్మా అన్నాను. నేను హాస్యానికి అన్నాననుకుని ఆ పిల్ల నవ్వింది.